చెయ్యి పట్టి లాగకండి, దారి నోటితో చెప్పండి

తిరుపతి ఆటో అన్నలకు, అంగళ్లు పెట్టుకున్న వాళ్లకు, బస్సు కండక్టర్లకు, స్కూటీల మీద కాలేజీలకు పరుగులు తీసే పిల్లలకు, ఈ రోడ్లు తవ్వి మళ్లీ పూడ్చే ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు, ఒక్క మాటలో చెప్పాలంటే ఈ ఊరి రోడ్డు మీద నాతో పాటు తిరిగే అందరికీ నమస్కారం.

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. పొద్దున ఎనిమిదింపావుకి తెల్ల కర్ర పట్టుకొని నాలుగు కాళ్ల మండపం దగ్గర రోడ్డు దాటే టీచరమ్మని నేను. బడిలో సోషల్ చెప్తాను. మీ మొహాలు నాకు సరిగ్గా తెలియవు గానీ మిమ్మల్ని నేనూ ఎరుగుదును. కాఫీ పొడి ఆడించే అంగడి వాసన తగిలితే ఎడమకు తిరగాలని, ఇస్త్రీ పెట్టె బొగ్గుల వేడి చెంపకి తగిలితే మా సందు వచ్చేసిందని గుర్తు. టీ అంగట్లో గాజు గ్లాసులు కడిగే చప్పుడు వింటే బడి గేటు దగ్గరైనట్టు. మీకు తెలీకుండానే రోజూ నాకు దారి చూపిస్తున్నారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వానాకాలం సంగతి ముందు చెప్తాను. సాయంత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడి ఉన్నాను. రోడ్డు దాటడానికి కాదు, మా తమ్ముడు వస్తానంటే వాడి కోసం. సన్నగా తుంపర పడుతోంది. ఎవరో గబుక్కున వచ్చి నా ఎడమ రెట్ట పట్టుకున్నారు. ‘రామ్మా రామ్మా, నేను దాటిస్తా’ అంటూనే లాక్కొని బయల్దేరారు. ‘వద్దు సామీ, నేను దాటేది లేదు’ అంటూనే ఉన్నాను. ఆ హోరులో ఆయనకి వినపడినట్టు లేదు. అవతలికి చేర్చి, ‘జాగ్రత్తమ్మా’ అని వెళ్లిపోయారు. నేను ఏ వైపు తిరిగి నిలబడ్డానో నాకే తెలీలేదు. కర్ర నేలకి ఆనించి వెతుక్కుంటూ రెండడుగులు వేసేసరికి కాలు మూత లేని కాలువలోకి దిగిపోయింది. మోకాలి దాకా మురుగు. ఒక చెప్పు పోయింది. చీలమండ బెణికి వారం రోజులు బడికి పోలేదు.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. గొంతును బట్టి అరవై దాటి ఉంటాయి. వానలో ఒక ఆడమనిషి కర్ర పట్టుకొని ఒంటరిగా నిలబడిందే అని ఆయన మనసు ఆగలేదు. అట్లా ఆగే మనుషులు ఉండబట్టే నేను ఈ ఊళ్లో బయటికి రాగలుగుతున్నాను. కానీ ఆయన నన్ను లాగిన ఆ అర నిమిషంలో నాకేం పోయిందో మీకు తెలియాలి.

నేను రోడ్డు మీద నిలబడ్డానంటే నా తలలో ఒక మ్యాపు పరిచి ఉంటుంది. వెనక గోడ. ముందు రోడ్డు. బండ్లు కుడి నుంచి ఎడమకి పోతున్నాయి. సాయంత్రపు ఎండ ఈ చెంప మీద ఉంది కాబట్టి పడమర ఇటు. ఆ మ్యాపు మీద నేనెక్కడ ఉన్నానో ఒక చుక్క పెట్టుకొని నడుస్తాను. ఉన్నట్టుండి ఎవరైనా పట్టి లాగితే ఆ చుక్క చెరిగిపోతుంది. మ్యాపు అట్లాగే ఉంటుంది, దాంట్లో నేనెక్కడో తెలియదు. మిమ్మల్ని గిరగిరా పదిసార్లు తిప్పి కొత్త ఇంట్లో, చీకటి గదిలో వదిలేస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పైగా నేను ఆడదాన్ని. వెనక నుంచి వచ్చి రెట్ట పట్టిన చెయ్యి సాయానికి వచ్చిందో, మెడలో గొలుసు కోసం వచ్చిందో, ఇంకెందుకు వచ్చిందో పట్టుకున్న తర్వాత గానీ నాకు తెలీదు. ఆ దడ తగ్గడానికి చాలాసేపు పడుతుంది.

కాలు నయమై మళ్లీ బడికి బయల్దేరిన మొదటి రోజు ఇంకొకటి జరిగింది. మండపానికి కాస్త ఇవతల పూలమ్మే అక్క ఒకామె కూర్చుంటుంది. ఆమె నన్ను దూరం నుంచే చూసి గట్టిగా పిలిచింది. ‘టీచరమ్మా, నేను పూలక్కని. నీకు పది అడుగుల ముందర కుడిపక్క గుంత తవ్వినారు. ఎడమచేతి పక్క గోడ ఉంది, దాన్ని పట్టుకోని నా గొంతు దాకా వచ్చెయ్.’ నేను గోడకి కర్ర తగిలించుకుంటూ వచ్చేశాను. గుంతలోంచి తడిమట్టి వాసన కుడివైపు నుంచి వచ్చింది. ఆమె బేరం ఆగలేదు, బుట్ట వదిలి లేవలేదు. మూర కొలుస్తూనే చెప్పింది.

ఆమె చెప్పిన మాటలు మళ్లీ ఒకసారి చూడండి. ముందు తానెవరో చెప్పింది. ఏముందో చెప్పింది. ఎంత దూరంలో, ఏ చేతి పక్కో చెప్పింది. ఏం చేస్తే బాగుంటుందో చెప్పి, చేసే పని నాకు వదిలేసింది. నా మ్యాపు మీద చుక్క చెరగలేదు సరికదా, కొత్త గుర్తు ఒకటి చేరింది. నేను మిమ్మల్ని కోరేది ఇంతే.

ఇది మీకు కొత్త విద్య కాదు. పొద్దున లేస్తే వేలమంది కొత్తవాళ్లు దిగే ఊరు మనది. రైల్వే స్టేషన్ బయట, విష్ణు నివాసం ముందర, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం దగ్గర, తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడంలో అడిగితే కన్నడంలో, రాని భాషలో అడిగితే వచ్చిన నాలుగు ముక్కలతో మీరు దారి చెప్తూనే ఉంటారు. అలిపిరికి ఎట్లా పోవాలి, తిరుచానూరు బస్సు ఎక్కడ ఆగుతుంది అని రోజుకి వందసార్లు అడిగినా విసుక్కోని అంగళ్ల వాళ్లని నేను విన్నాను. ఏ యాత్రికుడినీ మీరు రెట్ట పట్టుకొని లాక్కెళ్లలేదు. నాకూ అట్లాగే చెప్పండి. ఒక్క తేడా ఉంది. ‘అదిగో ఆడ’, ‘ఇట్లా పోయి అట్లా తిరుగు’ అని వేలు చూపిస్తే నాకు అందదు. ‘నీ ఎడమచేతి పక్క’, ‘ఇరవై అడుగులు’, ‘రెండు మెట్లు పైకి’ అంటే అందుతుంది. మీరు నాకు ఎదురుగా నిలబడి ఉంటే మీ కుడి నాకు ఎడమ. అది ఒక్క క్షణం ఆలోచించుకొని చెప్పండి.

నిజంగానే నన్ను దాటించాలనిపిస్తే, ‘అమ్మా, దాటతావా?’ అని అడగండి. కొన్నిసార్లు ఊఁ అంటాను, కొన్నిసార్లు వద్దంటాను. వద్దంటే మనసు కష్టపెట్టుకోవద్దు. ఊఁ అంటే మీ మోచెయ్యి నాకు ఇవ్వండి, నేను పట్టుకుంటాను. మీకు అరడుగు వెనక నడుస్తాను. మీరు పక్కకి తిరిగినా, గట్టు దిగినా, ఆగినా మీ మోచెయ్యే నాకు చెప్పేస్తుంది, మీరు నోరు విప్పాల్సిన పని కూడా ఉండదు. కర్రని మాత్రం ముట్టుకోవద్దు. కర్ర కొన పట్టుకొని ముందుకు లాగేవాళ్లు ఉన్నారు. అది మీకు కర్ర, నాకు వేళ్ల చివర. దాటాక వెళ్లిపోయేటప్పుడు ‘నేను పోతున్నా’ అని ఒక మాట అనండి. పక్కన మనిషి వెళ్లిపోయారని తెలీక మాట్లాడుతూ నిలబడటం ఎంత బాధో అనుభవిస్తే తెలుస్తుంది.

ఇంకొక మాట చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ‘కర్ర పట్టుకుంది, ఫోన్ మాత్రం చూస్తోందే, నిజంగా కళ్లు లేవా?’ అని బస్సులో నా వెనక సీట్లో ఎవరో అన్నారు, నాకు వినపడాలనే అన్నారు. ఇలాంటి మాట నాకు మొదటిసారి కాదు.

నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. ఇందులో మొదట పోయేది రాత్రి చూపు. చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళకి నేను గడప తన్నుకొని పడుతుంటే రేచీకటి అన్నారు. అమ్మ మునగాకు, క్యారెట్ పెట్టని రోజు లేదు. విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటి తిండితో, మందుతో తగ్గుతుంది. ఇది జన్యువుల్లోంచి వచ్చేది, ఆకుకూరలకి లొంగదు. మా అమ్మానాన్నలది మేనరికం. దగ్గర చుట్టరికంలో చేసుకుంటే ఇలాంటివి పిల్లలకి వచ్చే అవకాశం పెరుగుతుంది. మన జిల్లాల్లో ఇప్పటికీ ఆ పెళ్లిళ్లు జరుగుతూనే ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. రాత్రి చూపు తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. ఇప్పుడు నాకు మిగిలింది నడిమధ్య చిన్న గుండ్రటి చూపు. ఒక కాగితాన్ని సన్నని గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకొని చూడండి. ఫోన్‌లో అక్షరాలు చదవగలరు. పక్క నుంచి వచ్చే ఆటో కనపడదు, పాదాల ముందు గుంత కనపడదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చూపు పరిధి 10 డిగ్రీల కంటే తగ్గిపోతే దాన్ని అంధత్వమనే అంటుంది. కాబట్టి ఫోన్ చదివేదీ నేనే, కర్ర అవసరమున్నదీ నేనే. రెండూ నిజమే.

ఆ కర్ర పట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అంతవరకు తమ్ముడి బండి వెనక కూర్చొని బడికి పోయేదాన్ని. వాడికి జ్వరమొస్తే నాకు సెలవు. వాడికి ఊరికి పోయే పనుంటే నేను ప్రిన్సిపాల్‌కి ఏదో ఒక అబద్ధం చెప్పాలి. మొదటిసారి కర్ర తెచ్చుకుంటే అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక దాచిపెట్టింది. ‘పెళ్లి కావాల్సిన పిల్లవి, చేతిలో గుడ్డికర్ర ఏంది’ అని ఏడ్చింది. అమ్మని తప్పుపట్టను. తెల్ల కర్ర చూస్తే మన జనానికి మనిషి కనపడటం మానేసి జాలి కనపడుతుంది, ఆమె భయం దానికే. నాకు నడక నేర్పిన సార్‌కి పుట్టుకతోనే చూపు లేదు. కర్ర పొడవు నేల నుంచి ఛాతీ ఎముక దాకా ఉండాలని, ఎడమకాలు ముందుకు వేస్తే కర్ర కుడికి తట్టాలని, కుడికాలు వేస్తే ఎడమకి తట్టాలని, అప్పుడే తర్వాతి అడుగు పడే చోటుని కర్ర ముందే చూసి పెడుతుందని ఆయన నేర్పారు. మూడు వారాలు నా అరచేతి బొబ్బలు ఆరలేదు.

ఆ కర్ర తెలుపెందుకో తెలుసా? 1921లో ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఫోటోగ్రాఫర్‌కి ప్రమాదంలో చూపు పోయింది. ఇంటి చుట్టూ బండ్ల రద్దీ చూసి భయపడి ఆయన తన చేతికర్రకి తెల్లరంగు వేసుకున్నాడు. ఆ తెలుపు ఆయన చూసుకోవడానికి కాదు, బండి తోలేవాళ్లు చూడటానికి. నా కర్ర తెలుపు కూడా మీ కోసమే. అది కనపడగానే బండి కొంచెం నిదానం చేయండి. వెనక నుంచి పెద్ద హారన్ మాత్రం కొట్టొద్దు. నాకు బండ్ల చప్పుళ్లే కళ్లు. హారన్ మోగిందంటే మిగతా చప్పుళ్లన్నీ మునిగిపోతాయి, ఎటు జరగాలో తెలీక బిగుసుకుపోతాను. కొత్తగా వచ్చిన ఎలక్ట్రిక్ ఆటోలు, బస్సులు ఇంకో రకం కష్టం. నిదానంగా వస్తుంటే వాటికి చప్పుడే ఉండదు. ఎలక్ట్రిక్ ఆటో అన్నలారా, నా దగ్గరికి వచ్చేటప్పుడు ‘అక్కా, ఆటో’ అంటే చాలు. దింపేటప్పుడు ‘ఇదిగో వచ్చేసింది’ అనకుండా ఎక్కడ దింపారో, గేటు ఏ పక్కో చెప్పండి. కండక్టర్లు స్టాపు పేరు గట్టిగా చెప్తే నాకే కాదు, రాత్రి నిద్రమత్తులో ఉన్న యాత్రికులకి కూడా పనికొస్తుంది.

మొన్న కార్తీకంలో నేను అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాను. 3,550 మెట్లు. మా అమ్మ కూడా వచ్చింది, కానీ గాలిగోపురం దాకా రాకముందే వెనకబడిపోయింది, నేనే ఆగి ఆగి ఆమెని కలుపుకోవాల్సి వచ్చింది. మెట్టు తర్వాత మెట్టే వస్తుంది. మధ్యలో కరెంటు స్తంభం రాదు, స్టాండు వేసిన బైకు రాదు. ఒకచోట మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తూ వంగి ఎక్కుతున్న ఆడవాళ్లు ఉన్నారు. కర్పూరం వాసన బట్టి నేను ముందే నిదానించాను. వాళ్లలో ఒకామె తమిళంలో చెప్పింది, మా అత్త నీ ముందర మెట్టు మీదే ఉంది, కుడిపక్కకి వచ్చి ఎక్కు అని. నాకు తమిళం అంతంతమాత్రమే, అయినా అర్థమైంది. ‘గోవిందా’ అన్నాను, ఆమె కూడా అంది. మోకాళ్ల మెట్టు దగ్గర కాళ్లు వణికాయి గానీ టెన్షన్ అనేదే లేదు.

కొండెక్కిన ఆ మనిషినే ఇక్కడ కింద మండపం నుంచి బడి దాకా అర కిలోమీటరు నడవాలంటే ముందురోజు రాత్రి నుంచి టెన్షన్ పడుతున్నాను. ఎందుకో చెప్తాను. కర్ర నేల మీద ఉన్నదాన్నే పసిగడుతుంది. లారీ వెనకభాగం కింద నుంచి కర్ర దూరిపోతుంది, ఇనుము నా ముక్కుకి తగులుతుంది. అంగడి ముందు పందిరి కడ్డీలు, తలెత్తులో కట్టిన ఫ్లెక్సీల తాళ్లు, గోడకి బిగించిన ఏసీ పెట్టెలు, బ్రహ్మోత్సవాలప్పుడు నడుమెత్తున కట్టే తాళ్లు, ఇవేవీ కర్రకి తెలియవు. నా కుడి కనుబొమ మీద ఉన్న మూడు కుట్లు అట్లాంటి కడ్డీవే. అంగళ్ల వాళ్లు బతకాలి, కాదనను. నాకు ఫుట్‌పాత్ మొత్తం ఖాళీ చేయమనడం లేదు. టెంకాయల గుట్ట, కూల్‌డ్రింక్ క్రేట్లు, బోర్డు ఈరోజు ఎక్కడ పెట్టారో రేపూ అక్కడే పెట్టండి. గోడ వారనో, రోడ్డు వారనో ఒక వైపే పెట్టండి. ఒకచోట స్థిరంగా ఉన్న టెంకాయల గుట్ట నాకు అడ్డం కాదు, గుర్తు. రోజుకో చోటుకి మారే గుట్టే నన్ను పడగొడుతుంది. కడ్డీ తలెత్తులో ఉంటే దాని కింద నేల మీద ఏదైనా బరువైన వస్తువు పెట్టండి, కనీసం కర్రకి అది తగులుతుంది.

ఇక ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కింద నుంచి ఎప్పుడైనా కళ్లు మూసుకొని ఒక నిమిషం వినండి. పైన బండ్ల హోరు, కింద బండ్ల హోరు కలిసి స్తంభాలకి కొట్టుకొని ఎటు నుంచి ఏది వస్తోందో తెలీకుండా పోతుంది. అట్లాంటి చోట చెవి పనిచేయదు, పాదమే దిక్కు. దాని కోసమే పసుపు టైల్స్ పుట్టాయి. జపాన్‌లో సెయిచి మియాకె అనే ఆయన వాటిని కనిపెట్టాడు, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి వేశారు. అవి రోడ్డు మాట్లాడే మాటలు. పొడుగు గీతలున్న టైల్ ‘ఇటే పో’ అంటుంది. బొడిపెలున్న టైల్ ‘ఆగు, ముందర ఏదో ఉంది’ అంటుంది. ఈ రెండు మాటలూ తారుమారైతే రోడ్డు నాకు అబద్ధం చెప్పినట్టు. గీతల టైల్స్ వెంబడి నమ్మకంగా పోయి నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకి కొట్టుకున్నాను ఒకసారి. ఇంకోచోట అందంగా ఉంటుందని చుట్టూ రాళ్ల రంగులోనే బూడిదరంగు టైల్స్ వేశారు. పసుపు ఊరికే పెట్టలేదు సార్, కొద్దిగా చూపు మిగిలిన నాలాంటి వాళ్లకి చివరిదాకా తెలిసే రంగుల్లో అదొకటి.

ఇది దయతో చేసే పని కాదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చూపు లేని రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరులో, దివ్యాంగులకు అందుబాటు ప్రమాణాలను వీలైతే పాటించండి అన్నట్టు సూచనలుగా వదిలేయడం చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని తీర్పు ఇచ్చింది. రోడ్లకి ప్రమాణాలు రాసే మీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకంలోనే ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలని ఉంది. నేను కొత్తగా ఏదీ అడగడం లేదు. ఒక్క పని చేయండి. టైల్స్ వేశాక, బిల్లు పాస్ కాకముందు, మాలో ఒకరిని పిలిచి ఆ ముక్క మీద నడిపించండి. నాకేమీ ఇవ్వొద్దు. ఆదివారమైనా వస్తాను, ఎండలోనైనా వస్తాను. నేను ఎక్కడ ఆగిపోయానో, ఎక్కడ తడుముకున్నానో మీ మేస్త్రీ చూస్తే చాలు, ఆయనకి ఇంకెవరూ నేర్పాల్సిన పనుండదు. గుంత తవ్వితే చుట్టూ రిబ్బన్ కట్టి వదిలేయకండి. రిబ్బన్ కర్రకి తెలియదు. నేలకి ఆనుకొని ఉండే పలకో, ఇటుకల వరుసో పెట్టండి. కాలువ మీద తీసిన బండని సాయంత్రానికల్లా మళ్లీ కప్పండి.

పోయిన వారం మండపం దగ్గర నిలబడి ఉంటే ఒక కుటుంబం వచ్చింది. చిన్నపిల్ల ఏడుస్తోంది, సంచుల బరువుకి ఆయన ఆయాసపడుతున్నాడు. ‘అక్కా, గోవిందరాజస్వామి గుడికి ఎట్లా పోవాలి?’ అని అడిగాడు. నా కర్ర చూడలేదో, చూసి కూడా అడిగాడో తెలీదు. ఎన్ని అడుగులు పోవాలో, ఏ చేతి పక్క తిరగాలో, కర్పూరం, పూల వాసన ఎక్కడ మొదలవుతుందో, కాళ్ల కింద ఎక్కడ ఎత్తుపల్లం ఉందో అన్నీ చెప్పాను. ‘బాగా చెప్పినావక్కా’ అని వాళ్లు వెళ్లిపోయారు. ఆ రోజంతా నాకు పాఠం చెప్పడానికి గొంతు హుషారుగా ఉంది.

సోమవారం బడి ఉంది. ఎనిమిదింపావుకి మండపం దగ్గర ఉంటాను. పలకరించండి, ముందు మీరెవరో చెప్పి.

ఇట్లు,
తెల్ల కర్రతో నడిచే ఒక సోషల్ టీచరు,
తిరుపతి.